డగ్గర్ పేరు ఏమైంది?

సంపాదకులకు,

ఆరియోమైసిన్ అనే యాంటీబయోటిక్ పుట్టిల్లు అమెరికాలోని మిస్సోరి విశ్వవిద్యాలయ ప్రయోగక్షేత్రం, శాన్‌బోర్న్ ఫీల్డ్. అక్కడి మట్టిలో పసుప్పచ్చ రంగు స్ట్రెప్టోమైసిస్‌ను 1945లో గుర్తించినవారు బెంజమిన్ డగ్గర్. విశ్వవిద్యాలయ కొలువు ముగించుకుని, డెబ్భై దాటాక లెడర్లీ కంపెనీలో చేరిన వృక్షశాస్త్రవేత్త ఆయన. మీ ఆదివారం అనుబంధంలో ఆరియోమైసిన్ మీద వచ్చిన వ్యాసంలో ఆయన పేరే లేదు. ఘనతంతా యల్లాప్రగడ సుబ్బారావు ఖాతాలో పడింది. పైగా సుబ్బారావే పలుగు పట్టి మట్టి తవ్వుతున్నట్టు ఒక బొమ్మ!

సుబ్బారావు లెడర్లీ పరిశోధనలకు అధిపతి. ఊరూరి మట్టి తెప్పించి, అందులోని సూక్ష్మజీవుల్ని విడదీసి, ఏది రోగకారక బ్యాక్టీరియాను చంపుతుందో వెతికే పని ఆయన అజమాయిషీలో సాగింది. అదేమీ తక్కువ ఘనత కాదు. పక్కవాడి పేరు కొట్టేస్తే తప్ప నిలబడనిది అంతకన్నా కాదు.

ఇలాంటి వ్యాసాల దెబ్బ తగిలేది పాఠం చెప్పేవారికి. ఒక డిగ్రీ కాలేజీలో మైక్రోబయాలజీ మాస్టారు డగ్గర్ పేరు రాయని జవాబుకు ఒక మార్కు కోశారు. మర్నాడు విద్యార్థి తండ్రి పేపరు కటింగుతో స్టాఫ్‌రూముకు వచ్చారు. "అచ్చులో ఉంది కదండీ!" ప్రిన్సిపాలుగారికీ అచ్చు మీదే గురి. మార్కు తిరిగి వేయక తప్పలేదు; సాటి తెలుగువాడంటే ఓర్వలేడన్న బిరుదు మాస్టారికి అదనంగా దక్కింది. 1943లో స్ట్రెప్టోమైసిన్ అనే మరో యాంటీబయోటిక్‌ను కనుగొన్న పనిలో విద్యార్థి ఆల్బర్ట్ షాట్జ్ ఉన్నా, 1952 నోబెల్ గురువు వాక్స్‌మన్‌ ఒక్కరికే ఇచ్చారని డగ్గర్‌ను వదిలేసిన అదే వ్యాసం కన్నీరు కార్చడం మరీ విడ్డూరం.

శీర్షిక సంగతి వేరే చెప్పాలి: 'మొండి బ్యాక్టీరియాకు ఇక మూడింది' అట, టెయిక్సోబాక్టిన్ అనే యాంటీబయోటిక్‌ను చూసి. మట్టి బ్యాక్టీరియాలో అత్యధికం ప్రయోగశాలలో పెరగవు. వాటిని చిన్న చిన్న గదుల్లో బంధించి, తిరిగి మట్టిలోనే పెంచే ఐచిప్ అనే పరికరంతో దొరికిందే 2015లో ప్రకటించిన టెయిక్సోబాక్టిన్. అది ఎంఆర్‌ఎస్‌ఏ వంటి గ్రామ్ పాజిటివ్ రకాలను చంపుతుంది. బయటిపొర అడ్డు ఉన్న క్లెబ్సియెల్లా వంటి గ్రామ్ నెగటివ్‌ల మీద పనిచేయదు. మన ఐసీయూల్లో డాక్టర్లను ఎక్కువగా వణికిస్తున్నవి ఆ రెండో రకమే. మరి ఎవరికి మూడినట్టు?

సవరణ వేస్తారనుకుంటే అది లోపలి పేజీలో చీమతలకాయంత అక్షరాల్లో కాకుండా, ఆ బొమ్మ పడిన పేజీలోనే పడాలి. డగ్గర్ పేరుతోపాటు, మిస్సోరి నుంచి ఆయనకు మట్టి పంపిన విలియం ఆల్‌బ్రెక్ట్ పేరు కూడా ఉండాలి.

– ఒక విశ్రాంత అధ్యాపకుడు, భీమవరం