ఫోన్‌లో స్పష్టం - పటంలో మసక

ఇంటి పెద్ద కాలం చేశాడు. దశదిన కర్మ నాటికి పటం కట్టించాలి. నిరుడు సెలవులో వచ్చినప్పుడు తీసిన చక్కని ఫోటో దుబాయిలో ఉన్న పెద్దకొడుకు ఫోన్‌లో ఉన్నది. వెంటనే వాట్సాప్‌లో పంపాడు. చిన్నకొడుకు దానిని జగిత్యాలలోని స్టూడియోకు చేర్చాడు. ఫోన్‌లో నిగనిగలాడిన ఆ ముఖం 12కు 18 అంగుళాల ఎన్‌లార్జిమెంటులో మసకబారింది. "ఇంతకన్న మంచిది లేదా తమ్మీ?" అని స్టూడియో యజమాని అడిగితే "అన్న పంపింది ఇదేనే" అన్నదే జవాబు. గల్ఫ్ వలసలు అధికంగా ఉన్న ఈ ప్రాంతంలో ఏ కుటుంబానికైనా ఎదురుకాగల ఇబ్బంది ఇది.

తప్పు కెమేరాది కాదు, స్టూడియో వారిదీ కాదు. సాధారణ పద్ధతిలో పంపిన ఫోటోను వాట్సాప్ కుదించి పంపుతుంది. 12 మెగాపిక్సెళ్ల ఫోన్‌తో తీసిన ఫోటోలో పొడవున 4000, వెడల్పున 3000 చొప్పున, అంటే కోటీ 20 లక్షల చుక్కలు ఉంటాయి. కుదింపు తర్వాత పొడవున మిగిలేవి సుమారు 1600 మాత్రమే. మొత్తం మీద ఆరోవంతు కూడా మిగలదు. అచ్చు నిగ్గుగా రావాలంటే అంగుళానికి 300 చుక్కలు ఉండటం మేలు. అసలు ఫోటోను 18 అంగుళాలకు పెంచితే 220 దాకా ఉంటాయి గనుక పటం బాగానే వస్తుంది. కుదించిన దానిని పెంచితే 90 కూడా ఉండవు. అరచేతిలోని చిన్న తెరపై ఈ లోపం కనిపించదు. అందువల్లనే ఎవరికీ అనుమానం రాదు.

కుదింపు వల్ల ప్రయోజనం లేకపోలేదు. డేటా ఆదా అవుతుంది. సిగ్నల్ సరిగా అందని పల్లెకు సైతం ఫోటో త్వరగా చేరుతుంది. చూసి సంతోషించడానికి అది చాలు. దాచుకోవడానికి, అచ్చు వేయించడానికి, వైద్యునికి ఎక్స్‌రే చూపించడానికి చాలదు. ఈ తేడా తెలియకపోవడమే అసలు చిక్కు.

ఉపాయం చాలా సులువు. పిన్ను గుర్తు నొక్కి, ఫోటోకు బదులు 'డాక్యుమెంట్' ఎంచుకుని అందులో నుంచి ఆ ఫోటోను పంపితే ఒక్క చుక్క కూడా తగ్గదు. 2022 నుంచి ఈ దారిన 2 జీబీ దాకా పంపే వీలున్నది. పెళ్లి వీడియోలకూ ఇదే మార్గం. టెలిగ్రామ్‌లో కూడా ఫైలుగా పంపవచ్చు. అంతకు మించినవైతే గూగుల్ డ్రైవ్‌లో పెట్టి లింకు పంపవచ్చు. 2023లో వాట్సాప్‌లో వచ్చిన 'హెచ్‌డీ' గుర్తు కొంత నయమే గాని అది కూడా అసలుకు సమానం కాదు. స్క్రీన్‌షాట్ తీసి పంపడం మరొక పొరపాటు. అందులో ఉండేది తెరపై కనిపించినంతే. అయితే డాక్యుమెంటుగా పంపిన ఫోటోలో, తీసిన వేళతోపాటు స్థలం వివరాలు కూడా ఉండిపోవచ్చు. కనుక అపరిచితులకు అలా పంపకపోవడం క్షేమం.

అన్నిటికంటే ముఖ్యమైనది అసలు ఫోటోను కాపాడుకోవడం. "వాట్సాప్‌లో పంపాం కదా, అక్కడ ఉంటుందిలే" అనుకొని, ఫోన్ నిండిపోయిందని అసలును తుడిచివేస్తే మిగిలేది నకలే. పోయిన చుక్కలు తిరిగి రావు. మసక ఫోటోకు మెరుగుపెట్టే యాప్‌లు ఉన్నాయి నిజమే. కాని అవి లేని గీతలను ఊహించి దిద్దుతాయి. అలా దిద్దిన ముఖం చూడముచ్చటగా ఉండవచ్చు. అది తండ్రి ముఖమేనా అన్నది కొడుకులు తేల్చుకోవలసిన మాట.

ఫోటో పంపేవారికి ఇవన్నీ తెలిసి ఉండాలని ఆశించడం న్యాయం కాదు. ఫోటో అందుకునేవారే ముందుగా చెప్పాలి. స్టూడియోలు, ఫ్లెక్సీ దుకాణాలు, ఆసుపత్రులు తమ ఫోన్ నంబరు రాసిన బోర్డు మీదనే "ఫోటోలు డాక్యుమెంటుగా పంపండి" అని ఒక్క వాక్యం చేర్చితే పైసా ఖర్చు లేకుండా ఎన్నో ఇళ్లకు మేలు జరుగుతుంది. పెళ్లి ఫోటో పాడైతే కనీసం మళ్లీ నిలబడి తీయించుకోవడానికి దంపతులుంటారు. పోయిన మనిషి మళ్లీ కెమేరా ముందు కూర్చోడు.