స్కానింగు చిత్రం ఎవరిది?

దర్శనం, స్పర్శనం, ప్రశ్న అనే త్రివిధ పరీక్ష మన పాఠకులకు సుపరిచితమే. స్కానింగు యంత్రం దర్శనానికి సాటిలేని సాధనం. అయితే రోగి పేరు, వయసు, పూర్వవ్యాధులు, అనగా ప్రశ్నకు వచ్చిన జవాబులు, ఆసుపత్రి పాత కంప్యూటరులోనే ఉండిపోతాయి. ఈ రెంటికీ పొత్తు కుదరకపోతే సిబ్బంది పేరును మళ్ళీ టైపు చేయవలసి వస్తుంది. మన అనంతపురం సీమలో ఆంజనేయులు, నారాయణప్పలు ఊరికి పదిమంది! ఇంగ్లీషులో ఒక్క అక్షరం మారితే చాలు, నిరుటి చిత్రం దొరకదు. మడకశిర నుంచో, రాయదుర్గం నుంచో కూలి మానుకొని బస్సెక్కి వచ్చిన రోగికి మళ్ళీ సి.టి. తీయడమంటే ఖర్చు ఒక్కటే కాదు, శరీరానికి మరో విడత ఎక్స్-కిరణాలు కూడా.

ఇది తీరని చిక్కేమీ కాదు. అమెరికాలో రేడియాలజీ వైద్యులు, యంత్ర తయారీదారులు కలిసి 1985లో తెచ్చిన ఉమ్మడి ప్రమాణానికి 1993 నుంచి ‘డైకామ్’ అని పేరు. దాని ప్రకారం రోగి పేరు, సంఖ్య చిత్రమున్న ఫైలులోనే ఉంటాయి. పాత కంప్యూటరుకు ఆ భాష రాకపోతే నడుమ దుబాసీ వంటి సాఫ్ట్‌వేరును అమర్చవచ్చు. కోట్లు పోసి యంత్రం కొనే ఆసుపత్రులు ఈ షరతును కొనుగోలు పత్రంలోనే వ్రాయించుకోవాలని నా అభిప్రాయం. బిగించిన తరువాత అడిగితే కంపెనీవారు చెప్పినదే ధర.

అంతవరకు గృహస్థులు ఫిలిముతోబాటు సి.డి. కూడా అడిగి తీసుకోవాలి. రోగి సంఖ్య ఉన్న చీటీని దానికే జతచేసి, ఎండ తగలని చోట భద్రపరచండి.