నిడివి రాయని సమీక్షకులం

శుక్రవారం మొదటి ఆట చూసి, మధ్యాహ్నం భోజనం వేళకి రివ్యూ ఇచ్చేసే పనిలో ఉన్నవాళ్ళం మేము. మేము అంటే పత్రికల్లో, వెబ్‌సైట్లలో, ఇప్పుడు యూట్యూబ్‌లో తెలుగు సినిమాల మీద తీర్పులు చెప్పేవాళ్ళం. మాకో పద్ధతి ఉంది. కథ, నటీనటులు, సాంకేతిక వర్గం, ప్లస్ పాయింట్లు, మైనస్ పాయింట్లు, చివర అయిదుకి ఇంత. ఫస్టాఫ్ సరదాగా సాగింది, సెకండాఫ్‌లో కొంచెం ల్యాగ్ ఉంది, నిర్మాణ విలువలు బాగున్నాయి, ఎడిటర్ ఇంకాస్త పదును పెట్టాల్సింది. ఈ నాలుగు వాక్యాలూ ఏ వారం ఏ సినిమాకి పెట్టినా సరిపోతాయి. సరిపోతాయని మాకు తెలుసు కాబట్టే పెట్టాం.

దీన్ని సోమరితనం అంటే కొంత వరకే నిజం. మేం కష్టపడలేదని కాదు. తెల్లవారుజామున బెనిఫిట్ షోలకి పరుగెత్తాం, చీకట్లో ఫోన్ వెలుతురు చేత్తో కప్పుకుని నోట్స్ రాసుకున్నాం, పక్కవాడికంటే పది నిమిషాలు ముందు పెట్టాలని తిండి మానుకున్నాం. ఆ కష్టమంతా ఒక్క ప్రశ్న కోసం: టికెట్ కొనొచ్చా, వద్దా? ఆ ప్రశ్నలో తప్పేమీ లేదు. నెల జీతంలోంచి నలుగురు సినిమాకి వెళ్ళే ఇంటికి ఆ మాట ఎవరో ఒకరు చెప్పాలి. కానీ ఆ జవాబుకి ఆయుష్షు మూడు రోజులు. సోమవారానికి అది ఎవరికీ అక్కర్లేదు. అంతకంటే ఎక్కువ కాలం పనికొచ్చే సంగతి ఒకటి మా కళ్ళముందే ఉండేది. ఆ వారం తెర మీద ఏం చూపించారు, ఎంతసేపు చూపించారు, ఏ రూపంలో చూపించారు అన్నది. అది మేం రాయలేదు. రాయడం మా పని అనుకోలేదు.

మన మొదటి టాకీ ‘భక్త ప్రహ్లాద’ సంగతి చూడండి. హెచ్.ఎం. రెడ్డి తీసిన ఆ సినిమా ఈరోజు చూద్దామంటే లేదు. లేకపోవడం అలా ఉంచి, అది ఎప్పుడు విడుదలైందన్నదీ చాలాకాలం తప్పుగానే చెప్పుకున్నాం. 1931 సెప్టెంబర్ 15 అని ఒకరు రాసింది చూసి ఇంకొకరు రాశాం. కాదు, 1932 ఫిబ్రవరి 6 అని తేల్చడానికి పరిశోధకుడు రెంటాల జయదేవ ఆనాటి పత్రికలూ రికార్డులూ తవ్వాల్సి వచ్చింది. రీళ్ళు పోయాక దిక్కైంది ఆ కాగితాలే. వాటిని రాసినవాళ్ళు గొప్ప విమర్శకులని ఎవరూ అనరు. ఫలానా ఊళ్ళో, ఫలానా హాల్లో, ఫలానా రోజు నుంచి అని అచ్చు వేశారు, అంతే. ఆ పాటి సాక్ష్యమైనా మా రివ్యూల్లోంచి దొరుకుతుందా అని ఈమధ్య కొన్ని పాతవి తీసి చూశాను. రేటింగ్ ఉంది. హీరో ఎంట్రీ గురించి రెండు వాక్యాలున్నాయి. సినిమా ఎన్ని నిమిషాలో లేదు.

ఎన్ని నిమిషాలన్నది చిన్న విషయం అనిపించవచ్చు. వేరే చోటైతే అనుకోవచ్చునేమో గానీ, మన దగ్గర సినిమా విడుదలతో పూర్తయిపోదు. శుక్రవారం టాక్ తేడాగా ఉంటే వారాంతం లోపే కత్తెర పడుతుంది. 2014 సంక్రాంతికి వచ్చిన ‘1 నేనొక్కడినే’ని విడుదలయ్యాక ఇరవై నిమిషాల దాకా కుదించారు. 2025 సంక్రాంతికి ‘గేమ్ ఛేంజర్’ వచ్చినప్పుడు, ప్రచారంలో ముందునుంచీ మోగిన ఒక పాట సినిమాలో లేదు. నాలుగు రోజుల తర్వాత కలిపారు. అదే నెలలో ‘పుష్ప 2’ మరో ఇరవై నిమిషాలు పెరిగి, రీలోడెడ్ అన్న పేరుతో మళ్ళీ వచ్చింది. ఇవన్నీ మేం వార్తలుగా వేశాం, వేయలేదని కాదు. ‘అభిమానులకు పండగే’ అని వేశాం. మా రివ్యూ మాత్రం మొదటి ఆటకి రాసినదే. తర్వాత చూసినవాళ్ళు వేరే సినిమా చూశారని ఆ రివ్యూ కింద ఒక్క ముక్క చేర్చలేదు.

ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. ఆ కత్తెర పెట్టమన్నది మేమే. ‘ఒక పది నిమిషాలు ట్రిమ్ చేసి ఉంటే బాగుండేది’ అని వారం వారం రాసింది మేమే. మాకు విసుగొచ్చిన పది నిమిషాలు ఏవో చెప్పే ఓపిక లేక అంకె చెప్పాం. నిర్మాత ఆ మాట విని తీసేస్తే, మాట నెగ్గినందుకు లోలోపల సంతోషించాం కూడా. తీసేసిన దాంట్లో ఏముంది? ఓ ముసలి నటుడి ఆఖరి సీను ఉండి ఉండవచ్చు, ఓ కొత్త రచయిత మనసుపెట్టి రాసుకున్న సంభాషణ ఉండి ఉండవచ్చు. ఏమీ ఉండకపోనూవచ్చు. ఏదైనా, చూసింది మొదటి రోజు హాల్లో కూర్చున్నవాళ్ళం. చెప్పగలిగింది మేమే.

ఇంట్లో చూసే సినిమా దగ్గరికొస్తే మా మౌనం ఇంకా పెద్దది. వీసీఆర్ ఒక రాత్రికి అద్దెకి తెచ్చుకుని వీధివీధంతా కూర్చుని చూసిన రోజుల నుంచీ, హాల్లో పడితేనే విడుదల, క్యాసెట్ అయితే దుకాణం వ్యవహారం అన్నది మా లెక్క. వీసీడీలు వచ్చాయి. ఒక్కో డిస్కులో పట్టేది గంటంబావు, మహా అయితే గంటా ఇరవై నిమిషాలు. కాబట్టి మన రెండున్నర గంటల సినిమా రెండు ముక్కలు, ఇంకా పెద్దదైతే మూడు. రెండు డిస్కుల్లోనే ఇరికించాలంటే ఎక్కడో కోయాలి. పాటలో ఒక చరణం, టైటిల్స్‌లో సగం పేర్లు, కామెడీ ట్రాకు. 2007లో మోజర్ బేర్ కంపెనీ వీసీడీ 28 రూపాయలకీ, డీవీడీ 34 రూపాయలకీ ఇస్తానని బజారులోకి దిగింది. ఎంత చవకో రాశాం. డిస్కులో ఉన్న సినిమా పూర్తిగా ఉందా అన్నది రాయలేదు. ఆ కంపెనీ 2018లో లిక్విడేషన్‌కి వెళ్ళింది, అదీ వ్యాపారం పేజీలో వేరేవాళ్ళు రాశారు.

1974లో ‘అల్లూరి సీతారామరాజు’తో తెలుగు తెర సినిమాస్కోప్ వెడల్పుకి విచ్చుకుంది. 1986లో ‘సింహాసనం’ 70 ఎం.ఎం. అయింది. ఆ వెడల్పు కోసమే జనం బళ్ళు కట్టుకుని పట్నం వచ్చి చూశారు. స్కోప్ బొమ్మని పాత టీవీ తెర నిండా కనపడేలా చేయాలంటే అటూ ఇటూ కలిపి నలభై శాతానికి పైగా కోసేయాలి. ఎన్నో సినిమాలని అలా కోసే అమ్మారు. ఇద్దరు మాట్లాడుకునే షాట్‌లో ఒకరి ముక్కూ ఇంకొకరి చెవీ మాత్రమే కనిపించేవి. మా ఇంట్లో అది చూసి నవ్వుకున్నాం. ఛాయాగ్రాహకుడు పక్కన నిలబెట్టిన మూడో మనిషి అసలు లేడన్న సంగతి నాకు తెలుసు, సినిమా హాల్లో చూసినవాణ్ణి కదా. అయినా నవ్వి ఊరుకున్నాను. ఆ వారం పేజీకి కొత్త సినిమా ఉంది.

అమెరికాలో కందిపప్పు, చింతపండు పక్కన అలమరాలో పెట్టి డీవీడీలు అద్దెకిచ్చే ఇండియన్ గ్రోసరీ కొట్లు ఉండేవి. అక్కడ పుట్టిన పిల్లలకి చాలామందికి ఆ డిస్కే తెలుగు సినిమా. వాళ్ళకి మేం ఏ పాత సినిమా ఏ డిస్కులో బాగుందో, దేనికి సబ్‌టైటిల్స్ ఉన్నాయో చెప్పగలిగేవాళ్ళం. ఎవరూ అడగలేదు అంటాం. అడిగే చోటు మేం ఇవ్వలేదు మరి.

బ్రిటన్‌లో ‘మంత్లీ ఫిల్మ్ బులెటిన్’ అని ఒక పత్రిక 1934 నుంచి నడిచింది, 1991లో ‘సైట్ అండ్ సౌండ్’లో కలిసిపోయింది. అక్కడ హాళ్ళలో విడుదలైన సినిమాల నిడివి, పనిచేసినవాళ్ళ పేర్లు, కథ, తర్వాత అభిప్రాయం. చూడ్డానికి చప్పగా ఉంటుంది, సగం పేర్ల పట్టికే. దాన్ని ఎత్తి చూపి మనవాళ్ళకి చేతకాలేదనడం తేలిక. నాకది అంత నిజమనిపించదు. కొడవటిగంటి కుటుంబరావు అంతటి రచయిత ‘కినిమా’ పత్రికకి సంపాదకుడిగా కూర్చున్న భాష మనది. 1966 నుంచి ‘విజయచిత్ర’ వచ్చింది. చేతకాక పోలేదు. ఆ పత్రికల సంచికలు కూడా పాత పేపర్ల వాడికి తూకం వేసేశాం. మా ఇంట్లోంచి వెళ్ళినవీ ఉన్నాయి. ఇప్పటి మా రాతల గతి అంతకంటే మెరుగేం కాదు: వెబ్‌సైట్ రూపం మార్చినప్పుడల్లా వెనకటి రివ్యూలు మాయమవుతుంటాయి. నావి కొన్నేళ్ళవి అలాగే పోయాయి. పోయాక కొన్ని నెలలకి గానీ నాకే తెలియలేదంటే వాటికి నేనిచ్చిన విలువ ఎంతో మీకు అర్థమయ్యే ఉంటుంది.

సినిమా పరిశ్రమ మద్రాసు నుంచి హైదరాబాద్ తరలినప్పుడు తారలు వచ్చారు, స్టూడియోలు లేచాయి. నెగటివ్‌లలో చాలా భాగం అక్కడి ల్యాబుల్లోనే ఉండిపోయాయి. డిజిటల్ వచ్చి ల్యాబులు మూతపడ్డాయి. అసిటేట్ ఫిల్ము వేడికీ తేమకీ పాడైతే వెనిగర్ వాసన కొడుతుంది, తర్వాత ముడుచుకుపోతుంది, ఇంక దాన్ని ఏ మెషీన్‌లోనూ ఎక్కించలేరు. ఇదంతా 2019 డిసెంబర్‌లో ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ హైదరాబాద్‌లో వర్క్‌షాప్ పెట్టి నేర్పింది. మేం ప్రారంభోత్సవానికి ఏ హీరో వచ్చాడో రాశాం, ఫోటో వేశాం. మన భాషలో నెగటివ్ మిగలని సినిమాలు ఏవి అని ఆ మర్నాడు ఒక్కరమూ నిర్మాతల ఇళ్ళ తలుపు తట్టలేదు.

2010లో ‘మాయాబజార్’ రంగుల్లో వచ్చింది. తెర ఆకారం మారింది, నిడివి తగ్గింది. మేం రంగులు బాగున్నాయా లేదా అన్నదాని మీదే పేజీలు నింపాం. నిజానికి బాగానే ఉన్నాయి, నాకూ కళ్ళు చెమర్చాయి. 2022లో ‘పోకిరి’, ‘జల్సా’తో రీ రిలీజుల వరస మొదలైంది. పోస్టర్ మీద 4కె అని ఉంటుంది. నెగటివ్ తీసి స్కాన్ చేశారా, ఉన్న డిజిటల్ కాపీనే పెద్దది చేశారా? ఆ ఒక్క ప్రశ్న అడిగితే చాలు, అడగడానికి ఫోన్ నంబర్లు కూడా మా దగ్గర ఉన్నాయి. అడిగితే వచ్చే వారం ప్రెస్ షోకి పిలుపు రాదన్న భయమా? కొంత ఉంది. కానీ ఎవరూ బెదిరించలేదు. హాల్లో కాగితాలు ఎగరేస్తున్న కుర్రాళ్ళ వీడియోకి ఎక్కువమంది వస్తారు, అదీ అసలు సంగతి.

చదివేవాళ్ళని కూడా ఇందులోంచి వదలలేను, వాళ్ళలో నేనూ ఒకణ్ణి కాబట్టి. ఇప్పుడు మనందరికీ ఒకటే ప్రశ్న: ఓటీటీలో ఎప్పుడు? మేం తేదీ వేస్తాం. హాల్లో చూసినదీ అక్కడ ఉన్నదీ ఒకటేనా అని మీరు అడగరు, మేం చెప్పం. హక్కుల గడువు తీరి ఒక సినిమా అక్కడినుంచి మాయమైతే యూట్యూబ్‌లో వెతుకుతాం, మూలన ఏదో లోగోతో మసకగా దొరికితే ‘హమ్మయ్య, ఉంది’ అనుకుంటాం. నేనూ అనుకున్నాను, చాలాసార్లు.

ఈ వారం నుంచైనా అని, రివ్యూ మొదట్లోనే నిడివి నిమిషాలతో సహా వేసి, ఏ హాల్లో ఏ ఆట చూశానో, ట్రైలర్‌లో ఉండి సినిమాలో లేని సీన్లేవో నాలుగు వరసలు రాసి పంపాను. పేజీలో చోటు చాలక ఆ నాలుగు వరసలే తీసేశారు. రేటింగ్ ఉంది. డెస్క్‌కి ఫోన్ చేసి అడుగుదామనుకున్నాను గానీ, అప్పటికే రెండో సినిమా ఆటకి టైమైంది.