పెదవేగికి అక్షరాలెన్ని?

ఇండెక్స్ ఎక్కడ మొదలవుతుందని ఇంటర్వ్యూలో అడిగితే ‘సున్నా’ అని ఠక్కున చెప్పేస్తారు. అసలు పరీక్ష ఆ తర్వాతే!

ఒకప్పటి వేంగి, నేటి పెదవేగి పేరునే తీసుకోండి. కంటికి నాలుగు అక్షరాలు. పైథాన్‌లో లెన్ ఫంక్షన్‌ను అడిగితే 7 అంటుంది. తప్పు దానిది కాదు. యూనికోడ్‌లో ఎత్వం, ఏత్వం, గుడి... దేని కోడ్ దానిదే. అందుకే ఇండెక్స్ 0లో ‘ప’, 1లో ఎత్వం ఉంటాయి. చివరి ఇండెక్స్ 6. ఏడో నంబరు అడిగారా, ఎర్రరే. స్ట్రింగ్‌ను తిరగేస్తే ‘గ’కు ఏత్వం అతుక్కుని ‘గే’ అవుతుంది.

ఇది ఉత్త పజిల్ కాదు. యూటీఎఫ్-8లో ఈ పేరుకు 21 బైట్లు కావాలి. దరఖాస్తు ఫారంలో 20 బైట్లకే హద్దు పెట్టి కత్తిరిస్తే చివరి గుడి విరిగిపోతుంది. నష్టపోయేది మన ఊరివాళ్లే.

అందుకే ‘పొడవు’ అనగానే కోడ్ రాయొద్దు. బైట్లా, కోడ్‌లా, కంటికి కనిపించే అక్షరాలా అని ముందు అడగండి. ఆ ప్రశ్నే మీ పట్టు చూపిస్తుంది. ఇవాళే ‘తాడేపల్లిగూడెం’తో మొదలుపెట్టండి. ముందు కాగితంపై లెక్కించండి, ఒత్తు వెనక దాగిన పొల్లునూ కలపండి. జవాబు 14 వస్తే, అప్పుడు రన్ కొట్టండి.