యంత్రం గీసిన గీతను దిద్దే చెయ్యి కావాలి



మన ఖరగ్‌పూర్ స్టేషన్‌లోని పొడవాటి ప్లాట్‌ఫారం మీకు తెలిసిందే. దాని పొడవు 1072 మీటర్లు. చాలా ఏళ్లు ప్రపంచంలోకెల్లా పొడవైన ప్లాట్‌ఫారంగా దానికి పేరుండేది. తర్వాత గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్లి దాన్ని దాటిపోయాయి.

మామూలు స్టేషన్ల ఫొటోలు మాత్రమే చూసి నేర్చుకున్న ఒక యంత్రం ఉందనుకుందాం. "ఈ ప్లాట్‌ఫారం ఎక్కడిదాకా ఉందో గీత గీయి" అని దానికి మన స్టేషన్ ఫొటో ఇస్తే ఏం చేస్తుంది? సగం దూరంలోనే గీత ముగించేయవచ్చు. మిగతా సగంలో నిలబడ్డవాళ్లంతా పట్టాల మీద ఉన్నట్టు లెక్క రాసేస్తుంది. తప్పు ప్లాట్‌ఫారానిదా, యంత్రం నేర్చుకున్న చదువుదా?

మెదడు ఎంఆర్ఐ చిత్రాల విషయంలో సరిగ్గా ఈ చిక్కే ఉంది. ఎంఆర్ఐ పెద్ద అయస్కాంతంతో పనిచేస్తుంది. ఒంట్లోని నీటిలో ఉన్న హైడ్రోజన్ నుంచి సంకేతాలు అందుకుని, మెదడును పొరలు పొరలుగా చూపిస్తుంది. ఒక్కో గడి ఒక మిల్లీమీటరు అనుకుంటే, పెద్దవాళ్ల మెదడులో పది లక్షలకు పైగా గడులుంటాయి. ఏ గడి బూడిదరంగు పదార్థం, ఏది తెలుపు పదార్థం, ఏది ద్రవం నిండిన వెంట్రికల్ అని గుర్తించి విడదీయడాన్ని సెగ్మెంటేషన్ అంటారు. చేత్తో చేస్తే రోజులు పట్టే పని. అందుకే దాన్ని ఫ్రీసర్ఫర్ వంటి సాఫ్ట్‌వేర్లకు అప్పగిస్తారు. అవి ముందే తయారుచేసిన ఒక పటాన్ని దగ్గర పెట్టుకుని గీతలు గీస్తాయి.

ఆ పటం ఎవరి మెదడుది? 1988లో అచ్చయిన ప్రసిద్ధ తలైరాక్ పటానికి ఆధారం, చనిపోయిన 60 ఏళ్ల ఫ్రెంచి మహిళ ఒక్కరి మెదడు. తర్వాత కెనడాలోని మాంట్రియల్‌లో 152 మంది సగటుతో ఇంకో పటం వచ్చింది. 2019లో హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ వారు 100 మంది భారతీయ యువతీయువకుల చిత్రాలతో మన దేశానికంటూ ఒక పటం తయారుచేశారు. మనవారి మెదడు కొలతలు పాశ్చాత్యుల సగటు కంటే కొంచెం తక్కువని అందులో తేలింది. అది తెలివికి కొలత కాదు, పటం ఒకరిదై తల మరొకరిదైతే కొలత తప్పుతుందని చెప్పే హెచ్చరిక.

అయితే ఈ కొత్త పటం కూడా ఆరోగ్యవంతులదే. ఆసుపత్రికి వచ్చేది జబ్బు చేసినవాళ్లు కదా! హైడ్రోసెఫలస్ ఉన్న పాప మెదడులో వెంట్రికల్స్ బాగా ఉబ్బి ఉంటాయి. అంత పెద్దవి ఉంటాయని ఊహించని యంత్రం, అక్కడున్న ద్రవంలో కొంత భాగాన్ని తెలుపు పదార్థం అని రాసేస్తుంది. పక్షవాతంతో దెబ్బతిన్న చోటును సాగదీసి, మామూలు భాగంలాగా చూపించవచ్చు. కణితి పక్కకు నెట్టేసిన భాగాన్ని దాని పాత చోటులోనే వెతకవచ్చు. ఎవరికి కచ్చితమైన కొలత ఎక్కువ అవసరమో వాళ్ల దగ్గరే యంత్రం ఎక్కువగా తడబడుతుంది.

దీన్ని దిద్దే పద్ధతులు ఉన్నాయి. ఫ్రీసర్ఫర్‌లో వెంట్రికల్స్ పెద్దవని ముందే చెప్పడానికి ప్రత్యేకంగా ఒక ఆదేశం ఉంది. తెలుపు పదార్థాన్ని యంత్రం వదిలేసిన చోట మనిషి చుక్కలు పెట్టి, మళ్లీ లెక్క వేయించవచ్చు. దెబ్బతిన్న భాగాన్ని చేత్తో గుర్తించి కప్పేసి, మిగతా మెదడును మాత్రమే పటంతో పోల్చమనే పద్ధతి 2001 నుంచీ ఉంది. దిద్దేటప్పుడు పైనుంచి, పక్కనుంచి, ఎదురునుంచి మూడు వైపులా చూడాలి. ఇద్దరు విడివిడిగా దిద్ది పోల్చుకోవాలి, తేడా వచ్చిన చోట రేడియాలజిస్టును అడగాలి. మనకు తోచింది గీయడం దిద్దడం కాదు.

ఇక నా అభిప్రాయం చెబుతాను. ఈ దిద్దుబాటును చాలామంది చిల్లర పనిగా చూస్తారు. యంత్రానికి లొంగని చిత్రాన్ని పరిశోధన లెక్కలోంచి తీసేయడం తేలిక. కానీ అలా తీసేస్తూ పోతే రేపటి యంత్రం కూడా మామూలు తలలనే చూసి నేర్చుకుంటుంది, మళ్లీ అదే తప్పు చేస్తుంది. కష్టమైన చిత్రాన్ని తీసి పారేయకూడదు. ఓపికగా దిద్ది, యంత్రానికి తిరిగి పాఠంగా ఇవ్వాలి. దిద్దినవారి శ్రమకు పరిశోధనలో పేరు, గౌరవం దక్కాలి.

తెలుగు టీచరుకు ఈ సంగతులెందుకు అంటారేమో. ఇది నా అయిదో ఊరు. ఇక్కడికి వచ్చిన కొత్తలో ఒక అమ్మాయి నోట్‌బుక్కులో "ఏటి" అని రాస్తే ఎర్రసిరాతో కొట్టేసి "ఏమిటి" అని రాశాను. ఆ పిల్ల ఆ రోజంతా మాట్లాడలేదు. తర్వాత వాళ్ల నాయనమ్మ బడికి వచ్చి, "ఏటి మేస్టారూ, మా గుంట బాగా సదువుతోందా?" అని అడిగింది. శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే పనికి వచ్చిన కుటుంబం వాళ్లది. ఆ మాట తరతరాలుగా వాళ్ల ఇంట్లో పలికే తెలుగు. నా తలలో ఉన్న పటం గుంటూరుది. ఆ పటంతో కొలిచి, లేని తప్పును నేనే పుట్టించాను. మర్నాడు ఆ ఎర్రగీత పక్కనే "ఇదీ తెలుగే" అని రాసి సంతకం పెట్టాను.

మూడేళ్లకో ఊరు మారే మీకు ఇది నేను చెప్పక్కర్లేదు. కొత్త బడిలో మీ యాసో, మీ సిలబస్సో అక్కడి సగటుకు సరిపోకపోతే ఎలా ఉంటుందో మీకు అనుభవమే. మీలో కొందరు రేపు డాక్టర్లు, ఇంజనీర్లు అవుతారు. తెర మీద యంత్రం అందంగా రంగులు పూసిన మెదడు కనిపించినప్పుడు, అది సరేనని బటన్ నొక్కే ముందు రంగుల కింద ఉన్న అసలు చిత్రాన్ని ఒక్కసారి చూడండి. గీతకు తలను సరిపెట్టకండి. తలను చూసి గీతను దిద్దండి.