పెద్దల నడవడియే సంస్థకు ప్రాణము

పాఠశాలయైనను, ఆసుపత్రియైనను, కార్యాలయమైనను గోడకు వ్రేలాడు నిబంధనలవలననే చక్కగా నడువదు. అధికారుల నడవడినిబట్టియే పనివారి మనస్సు పనిమీద నుండునో, గడియారముమీద నుండునో తేలును. ఇది మా దృఢాభిప్రాయము. మన సీమయందే దీనికి రెండు నిదర్శనములు కలవు.

నాడు చిత్తూరు జిల్లాలో చేరియుండిన మదనపల్లెయందు అనీ బిసెంటుగారు 1915లో దివ్యజ్ఞాన కళాశాలను స్థాపించిరి. ఐర్లండు దేశపు కవి జేమ్సు కజిన్సుగారు దానికి ప్రిన్సిపాలుగా నుండి, వారమున కొక రాత్రి విద్యార్థులతోను ఉపాధ్యాయులతోను కలసి కూర్చుండి పాటలు పాడించుచుండిరి. 1919 ఫిబ్రవరిలో అతిథులై వచ్చిన రవీంద్రనాథ ఠాకూరుగారు అట్టి కూటమునకు విచ్చేసి, తాము రచించిన ‘జనగణమన’ను పాడిరి. ప్రిన్సిపాలుగారి సతీమణి, సంగీతజ్ఞురాలు నగు మార్గరెటుగారు దానికి స్వరములు వ్రాసిరి. కవిగారు దాని ఆంగ్లానువాదమును అచ్చటనే చేసిరి. ప్రిన్సిపాలుగారు తమ గది తలుపు వేసికొని కూర్చుండువారైనచో ఆ పిల్లలకు అట్టి రాత్రి లభించెడిదా?

మదనపల్లెకు సమీపముననున్న ఆరోగ్యవరము రెండవ నిదర్శనము. వేర్వేరు మిషనులు కలసి 1912లో క్షయరోగులకై ఆరంభించిన చికిత్సాలయము పిదప ఇచ్చట స్థిరపడెను. డెన్మార్కు దేశస్థులగు డాక్టరు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలరుగారు దానికి మొదటి అధిపతులు. నాటికి క్షయను హరించు మందు లేదు. స్ట్రెప్టోమైసిన్ కనుగొనబడినది 1943లో. అంతవరకు విశ్రాంతి, మంచి గాలి, బలమైన ఆహారము, పరిచారకుల జాగరూకత, ఇవియే ముఖ్యమైన ఔషధములు. అట్టిచోట జ్వరము చూచి వ్రాయు నర్సు తిట్లకు వెరచి తన పొరపాటును దాచినచో నష్టము రోగిది. కావున తప్పు నొప్పుకొన్నవారిని ఆదరించి, ఆ తప్పును దిద్దుటయే అధికారి ప్రథమ ధర్మము.

భయము లేనిదే క్రమము నిలువదని కొందరందురు. కొంత నిజమే. సోమరిని మందలింపక విడుచుట కష్టపడువానికి అన్యాయము. అయినను మందలింపు ఏకాంతమునను, మెప్పు పదిమందిలోను ఉండవలయును. మన కార్యాలయములలో తరచుగా దీనికి విపరీతము జరుగుచున్నది: గుమాస్తాకు చీవాట్లు సభలో, అతని పనికి కీర్తి మాత్రము పైవారికి! భయపడినవాడు అధికారి ఎదుట నున్నంతవరకే పనిచేయును. గౌరవింపబడినవాడు అధికారి లేనప్పుడును చేయును.

మన ప్రభువు శిష్యుల పాదములు కడిగి అధికారమునకు అర్థము చూపెను. ఆ సంగతి బోధించు పాఠశాలలో ప్రధానోపాధ్యాయులు మొదలు గంట కొట్టు బంట్రోతువరకు అందరును మర్యాదకు పాత్రులే. తలిదండ్రులారా, ఇంట పనివారితో మీరు మాటలాడు తీరునే పిల్లలు నేర్చుకొనుచున్నారు. విద్యార్థులారా, నేటి తరగతి నాయకులే రేపటి అధికారులు. మీ క్రిందివారు మీకు నిజము చెప్పుటకు జంకకుండునట్లు నేటినుండియే మెలగుడు.