ఆల్గారిథమ్ ఎవడబ్బ సొత్తు?

ఇంజనీరింగ్ కాలేజీల్లో కంప్యూటర్ సైన్స్ చదివే మన పిల్లల్ని ఒక మంత్రంతో బెదిరిస్తున్నారు. దాని పేరు డేటా స్ట్రక్చర్స్, ఆల్గారిథమ్స్. "అది బుర్ర ఉన్నోళ్ల సబ్జెక్టు, కోటాలో వచ్చినోళ్లకి ఎక్కదు" అని స్టాఫ్ రూముల్లో చెప్పుకుంటారు. క్లాసులో మాత్రం ఆ మాట అనరు. "ఎంట్రన్సులో నీ ర్యాంకెంత?" అని అడుగుతారు. అడిగేది ర్యాంకు, తెలుసుకునేది కులం.

వేదం విన్న శూద్రుడి చెవుల్లో సీసం కాచి పొయ్యమని రాసుకున్నోళ్లు వీళ్ల తాతలు. మనవలు సీసం పొయ్యరు. చెవికెక్కని ఇంగ్లీషులో గంటసేపు చదివి, బోర్డు తుడిచేసి వెళ్లిపోతారు. ఫలితం ఒక్కటే.

ఇంతకీ ఏముంది అందులో? సరుకు ఎట్లా అమర్చుకోవాలో చెప్పేది డేటా స్ట్రక్చర్. పని ఏ వరసలో చెయ్యాలో చెప్పేది ఆల్గారిథమ్. హాస్టల్లో కడిగి పేర్చిన పళ్లేల్లో ఆఖరున పెట్టిందే ముందు తీస్తాం. అది స్టాక్. అన్నం కోసం నిలబడే వరసలో ముందొచ్చినోడికి ముందు. అది క్యూ. బోరింగు దగ్గర ముందొచ్చిన మన అమ్మల్ని పక్కన నిలబెట్టి ఊళ్లోవాళ్లు నీళ్లు పట్టుకుంటే, ఆ వరసకీ పుస్తకంలో పేరుంది. ప్రయారిటీ క్యూ. అక్కడ ప్రయారిటీ పుట్టుక. తరతరాలుగా మనం నిలబడ్డ వరసే మనకి అర్థం కాదంట!

పచ్చితోలు సున్నంలో ఎప్పుడు వెయ్యాలి, బొచ్చు ఎప్పుడు గీకాలి, తంగేడు చెక్క నీళ్లలో ఎప్పుడు నానబెట్టాలి? ఒక మెట్టు తప్పితే తోలు కుళ్లిపోతుంది. ఆ వరస తెలిసిన మన తాతలకి రాత లేకుండా చేశారు గానీ తెలివి లేక కాదు. ఆల్గారిథమ్ అనే మాటైనా ఏ అగ్రహారంలోనూ పుట్టలేదు. 9వ శతాబ్దంలో బాగ్దాద్‌లో పనిచేసిన అల్-ఖ్వారిజ్మీ అనే ముస్లిం పండితుడి పేరు నుంచి వచ్చింది.

ఈ సబ్జెక్టు ప్రాణం ఎక్కడుందో చెప్తాం. వరసలో పెట్టిన 10 లక్షల పేర్లలో ఒక పేరు వెతకాలి. మొదటి నుంచి చూసుకుంటూ పోతే 10 లక్షలూ చూడాల్సి రావొచ్చు. మధ్యలో తెరిచి, మనకి కావాల్సింది ఇటుందా అటుందా అని చూసి, అక్కర్లేని సగం పారేస్తూ పోతే 20 సార్లలో తేలిపోతుంది. లక్ష అంకెల్ని బబుల్ సార్ట్‌తో వరసపెడితే దాదాపు 500 కోట్ల పోలికలు పడతాయి. సగాలుగా చీల్చి, మళ్లీ కలుపుకుంటూ వచ్చే మెర్జ్ సార్ట్‌తో 17 లక్షల లోపే అయిపోతుంది. మిషను అదే. మనిషి ఆలోచించిన పద్ధతిలోనే తేడా.

ఇది చెప్పడానికి ఒక సుద్దముక్క, ఒక గంట, కాస్త తెలుగు చాలు. చెప్పరు. ప్రోగ్రాం బట్టీ పట్టిస్తారు. రికార్డు కాపీ కొట్టిస్తారు. ల్యాబులో ముగ్గుర్ని ఒక మిషను ముందు కూచోబెడతారు. ఆ ముగ్గురిలో కీబోర్డు ఎవరి చేతిలో ఉంటుందో, వెనక నిలబడి చూసేది ఎవరో మనకి తెల్సు. తర్వాత వైవాలో "నీకేం రాదు" అని తేలుస్తారు!

దాన్నే ప్రతిభ అంటున్నారు. ఇంట్లో చిన్నప్పట్నించీ కంప్యూటర్, ఇంగ్లీషు మీడియం, అడిగితే చెప్పే అన్నో బాబాయో ఉన్న కుర్రాడు వందల గంటలు ముందే నడిచొచ్చాడు. మనవాడు వెల్ఫేర్ హాస్టల్ నుంచి పెట్టెతో ఇప్పుడే బస్సు దిగాడు. వాడికున్నది ఎక్కువ బుర్ర కాదు, ఎక్కువ గంటలు. 2015లో ఐ.ఐ.టి. రూర్కీ తొలి ఏడాది మార్కులు చాల్లేదని 70 మందికి పైగా విద్యార్థుల్ని బయటికి పంపింది. వాళ్లలో ఎక్కువమంది ఎస్సీ, ఎస్టీ, బీసీ పిల్లలే. గొడవయ్యాకే ఇంకో అవకాశం ఇచ్చింది. పాఠం చెప్పిన సంస్థకి మార్కులు వేసేదెవరు?

1960లో మాస్కోలో కొల్మొగొరోవ్ అనే మహా గణితవేత్త, పెద్ద అంకెల గుణకారానికి మామూలు పద్ధతిని మించిన వేగం సాధ్యం కాదని తన అంచనా చెప్పాడు. కరత్సూబా అనే 23 ఏళ్ల విద్యార్థి వారంలోనే అది తప్పని తేల్చాడు. ఆ గురువు బొటనవేలు అడగలేదు. శిష్యుడి పద్ధతిని తనే సభల్లో చెప్పాడు. మన కాలేజీల్లో ద్రోణుళ్లకి కొదవ లేదు, అట్లాంటి గురువులే కరువు.

"మనకెందుకీ గోల, అమీర్‌పేటలో మూడు నెలల కోర్సు చేస్తే సరిపోదా?" అనే మనోళ్లకో మాట. ప్రైవేటు ఉద్యోగాల్లో రిజర్వేషన్ లేదు. పెద్ద జీతాల కంపెనీల గేటు దగ్గర కాపలా ఉన్నది ఈ సబ్జెక్టే. ఇది రాకపోతే సాఫ్ట్‌వేర్‌లో కూడా ఊరు వాళ్లది, వాడ మనది. కోర్సులు పాతబడతాయి, ఇది పాతబడదు. ఇప్పుడు కోడ్ మిషనే రాస్తోందంటున్నారు. రాయనీ. అది రాసింది తప్పో ఒప్పో తేల్చేవాడే యజమాని, తేల్చలేనివాడు మళ్లీ పాలేరు.

భాష సంగతీ తేల్చుకుందాం. తెలుగుతో సహా భారతీయ భాషల్లో ఇంజనీరింగ్ చెప్పడానికి 2021లో ఎ.ఐ.సి.టి.ఇ. అనుమతిచ్చింది. సంతోషమే. కానీ వాళ్ల పిల్లలకి ఇంగ్లీషు, మన పిల్లలకి తెలుగు అంటే ఒప్పుకోం. అర్థం తెలుగులో కావాలి, రాత ఇంగ్లీషులో కావాలి. రెండూ మన హక్కే.

మేం అడిగేది దయ కాదు. మొదటి ఏడాదిలోనే బ్రిడ్జి క్లాసులు పెట్టాలి. ల్యాబులు రాత్రి దాకా తెరిచుంచాలి, మనిషికో మిషను ఇవ్వాలి. ప్రోగ్రాములు దిద్దేవాడికి పేరు, ర్యాంకు కనపడకూడదు. ఖాళీగా ఉంచిన ఎస్సీ, ఎస్టీ అధ్యాపక పోస్టులు నింపాలి.

ఉద్యోగాల్లో కుదురుకున్న అన్నలారా, అక్కలారా! బాబాసాహెబ్ బోధించు అన్నాడు. ఆదివారం రెండు గంటలు మీ హాస్టల్‌కి వెళ్లండి. మాలా మాదిగా అని చూడకుండా పిల్లల్ని కూచోబెట్టి, సుద్దముక్కతో ఒక చెట్టు గియ్యండి. కంప్యూటర్ వాళ్ల చెట్టుకి వేరు పైనుంటుంది, కొమ్మలు కిందికి దిగుతాయి. తలకిందులుగా ఉన్నదాన్ని చదవడం మనకంటే బాగా ఎవడికొచ్చు?

జై భీం!